ఆరు గళ్ల నీలం బోర్డు: హైవే పక్కన చిన్న ఊరి పేరు ఎవరు రాస్తారు, ఎవరు రాయనివ్వరు

ఒక కేఫ్‌ని ఊహించుకుందాం. అమెరికాలో రాష్ట్రాల్ని కలిపే పెద్ద రోడ్డు, అంటే ఇంటర్‌స్టేట్ హైవే నుంచి రెండు మైళ్లు లోపలికి ఉన్న ఓ చిన్న ఊరు. మెయిన్ స్ట్రీట్ మీద ఏళ్ల తరబడి నడుస్తున్న కేఫ్. పొద్దున్నే ఆరింటికి తెరుస్తారు, మధ్యాహ్నం రెండింటికి కట్టేస్తారు. ఆది, సోమవారాలు సెలవు. ఊళ్లోవాళ్లకి అదే కాఫీ, అదే టిఫిన్, అదే రచ్చబండ. హైవే మీద రోజూ వేల బండ్లు పోతుంటాయి గానీ వాటిలో ఉన్నవాళ్లకి ఈ కేఫ్ ఒకటుందని తెలియదు.

హైవే దిగి ఊరి వైపు తిరిగే ఎగ్జిట్‌కి కాస్త ముందు ఒక నీలం బోర్డు ఉంది. పైన ‘ఫుడ్’ అని, పక్కన ఎగ్జిట్ నంబరు. కింద ఆరు గళ్లు. ఆరింటిలోనూ దేశమంతా తెలిసిన చైన్ రెస్టారెంట్ల లోగోలే. కేఫ్ నడిపే ఆవిడ ఒకరోజు రాష్ట్ర రవాణా శాఖకి ఫోన్ చేసి, ‘డబ్బు కడతాను, మా పేరు కూడా పెట్టండి’ అని అడిగారనుకుందాం. చాలామటుకు ‘కుదరదండీ’ అనే జవాబే వస్తుంది.

ఆవిడకి కోపం రావడం సహజం. దారి పక్కన దారి చూపించే బోర్డు, అందులో ఊరి కేఫ్‌కి చోటు లేకపోవడమేంటి? అవతల ఫోనెత్తినవాళ్ల తప్పు కూడా ఏమీ లేదు. ఆ ‘కుదరదు’ వెనక 1956 నుంచి ఒకదాని మీద ఒకటి పేరుకున్న రూల్స్ ఉన్నాయి. తమాషా ఏంటంటే, వాటిలో మొట్టమొదటిది ఇలాంటి ఊళ్లని కాపాడటానికే పెట్టింది.

తినాలంటే దిగాల్సిందే

1956 జూన్ 29న అధ్యక్షుడు ఐజన్‌హోవర్ ఫెడరల్ ఎయిడ్ హైవే చట్టం మీద సంతకం చేశారు. 41,000 మైళ్ల రోడ్లు, 13 ఏళ్లలో 2,500 కోట్ల డాలర్లు, ఇంటర్‌స్టేట్ ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వానిదే. ఈ అంకెలు అందరూ చెప్పుకుంటారు. అదే చట్టంలో ఉన్న ఒక చిన్న షరతు గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఇంటర్‌స్టేట్‌కి చెందిన స్థలంలో గ్యాస్ స్టేషన్ (అక్కడ పెట్రోల్ బంకుని అలాగే అంటారు) గానీ, ప్రయాణికులకు అమ్మకాలు సాగించే మరే వ్యాపారం గానీ ఉండకూడదు.

ఎందుకలా? అప్పటికే ఉన్న టోల్ రోడ్లని చూస్తే అర్థమవుతుంది. 1940లో తెరిచిన పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద భోజనం, గ్యాస్ అన్నీ రోడ్డు మీదే దొరికేవి. ప్లాజాలో బండి ఆపి, తిని, ట్యాంకు నింపుకుని మళ్లీ అదే రోడ్డెక్కొచ్చు. ప్రయాణికుడికి హాయి. ఆ ప్లాజా కాంట్రాక్టు దక్కినవాళ్లకి ఇంకా హాయి. పక్క ఊళ్లో మోటెల్, హోటల్ పెట్టుకున్నవాడికే గిరాకీ ఉండదు. కొత్త హైవేల మీద ఈ గుత్తాధిపత్యం రాకూడదని చట్టం గట్టిగా చెప్పింది. 1960 జనవరి 1కి ముందే ఉన్నవాటికి మాత్రం మినహాయింపు దొరికింది. అందుకే పాత టోల్ రోడ్ల మీద ప్లాజాలు ఇప్పటికీ కనిపిస్తాయి, మామూలు ఇంటర్‌స్టేట్ రెస్ట్ ఏరియాలో మాత్రం బాత్‌రూమ్‌లు, బల్లలు, మహా అయితే చిప్స్ మెషీన్లు ఉంటాయి. (ఆ మెషీన్లు నడిపే హక్కులో చూపులేనివాళ్లకి చట్టప్రకారం ప్రాధాన్యం ఉంది. రెస్ట్ ఏరియాలో చాక్లెట్ కొన్నప్పుడు మనం ఆలోచించని విషయం అది.)

మొత్తానికి, ఆకలేస్తే రోడ్డు దిగాల్సిందే. ఇది చిన్న ఊళ్లకి దక్కిన వరం. కాకపోతే వరంలో ఒక మెలిక ఉంది. పాత హైవేలు ఊరి నడిబొడ్డు నుంచే పోయేవి. రోడ్డే మెయిన్ స్ట్రీట్, కేఫ్ అద్దంలోంచి బండ్లు కనిపించేవి, బండ్లలోంచి కేఫ్ కనిపించేది. ఇంటర్‌స్టేట్ అలా కాదు. అది ఊరికి దూరంగా కంచె వేసుకుని పోతుంది, ఎక్కాలన్నా దిగాలన్నా ర్యాంపే దిక్కు. దిగితే ఏముందో తెలియకుండా ఎవరు దిగుతారు?

తెలియజెప్పడానికి అప్పట్లో ఉన్న దారి హోర్డింగే.

మంచినీళ్ల బోర్డు చేసిన పని

హోర్డింగ్ ఒక ఊరిని ఎంత దూరం మోయగలదో చూడాలంటే సౌత్ డకోటాలోని వాల్ అనే ఊరి కథ చూడాలి. 1931లో టెడ్, డొరొతీ హస్టెడ్ దంపతులు అక్కడ ఒక మందుల షాపు కొన్నారు. ఊళ్లో జనం మూడొందల పైచిలుకు. దేశం మాంద్యంలో మునిగి ఉంది, బండ్లు హైవే మీద వెళ్తున్నాయి గానీ షాపు వైపు తిరగట్లేదు. 1936 వేసవిలో డొరొతీకి ఒక ఆలోచన వచ్చింది. ఎండలో దుమ్ములో పడి వస్తున్నవాళ్లకి కావాల్సింది చల్లటి నీళ్లు. ఐసు నీళ్లు ఉచితం అని రోడ్డు పక్కన వరసగా బోర్డులు పెట్టించారు. టెడ్ ఆ బోర్డులు పాతి వెనక్కొచ్చేసరికే షాపులో జనం మొదలయ్యారని ఆ కుటుంబం చెప్పుకునే కథ. ఇప్పటికీ ఆ ఊరి జనాభా ఏడొందల దరిదాపుల్లోనే ఉంది. షాపు మాత్రం ఒక వీధంత అయింది, ఏడాదికి లక్షల మంది వస్తారు. ఐసు నీళ్లు ఇప్పటికీ ఉచితమే. ఇంటర్‌స్టేట్ 90 మీద ఆ రాష్ట్రం దాటేవాళ్లకి వాల్ వచ్చేలోపు ఎన్ని బోర్డులు ఎదురవుతాయో లెక్కపెట్టడం పిల్లలకి కాలక్షేపం.

కానీ వాల్‌కి పనిచేసిందే అందరూ చేస్తే? 1950లలో జరిగింది అదే. పొలాలూ కొండలూ కనబడకుండా హోర్డింగులు లేచాయి. వాటిని అదుపు చేసే రాష్ట్రాలకి హైవే నిధుల్లో అర శాతం బోనస్ ఇస్తామని 1958లో కాంగ్రెస్ ఆశ పెట్టింది. అర శాతానికి ఎవరు పెద్దగా కదులుతారు? కొన్ని రాష్ట్రాలు కదిలాయి, చాలా రాష్ట్రాలు కదల్లేదు. చివరికి 1965 అక్టోబరు 22న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హైవే బ్యూటిఫికేషన్ చట్టం మీద సంతకం చేశారు. ఆయన భార్య లేడీ బర్డ్ పట్టుబట్టి తెచ్చిన చట్టమని అందరూ దాన్ని లేడీ బర్డ్ బిల్లనే పిలిచారు. ఈసారి ఆశ బదులు భయం పెట్టారు. రోడ్డు హద్దు నుంచి 660 అడుగుల లోపలి హోర్డింగుల్ని అదుపు చేయని రాష్ట్రానికి హైవే నిధుల్లో పది శాతం కోత.

చట్టంలో కన్నాలు చాలానే ఉన్నాయి. వ్యాపార, పారిశ్రామిక ప్రాంతాల్లో హోర్డింగులు ఉండొచ్చు. ఎవరి స్థలంలో వాళ్ల వ్యాపారం గురించి బోర్డు పెట్టుకోవచ్చు. తీసేయించే హోర్డింగులకి పరిహారం ఇవ్వాలి. దానికి డబ్బు సరిపడా రాకపోవడంతో వేలకొద్దీ పాత హోర్డింగులు అలాగే ఉండిపోయాయి. ఊళ్ల ఆక్రోశం వాషింగ్టన్‌కి వినబడలేదని కూడా అనలేం. కొన్ని దారి చూపే బోర్డుల్ని తీసేస్తే ఒక ప్రాంతం ఆర్థికంగా బాగా చితికిపోతుందనుకుంటే, అప్పటికే చట్టబద్ధంగా ఉన్నవాటిని ఉంచుకునే వీలు 1976లో ఒక సవరణతో కల్పించారు.

మన కథకి అసలైన ముక్క మాత్రం ఇంకోటి. ప్రయాణికుల మేలు కోసం నిర్దిష్ట సమాచారం ఇచ్చే బోర్డులు రోడ్డుకి చెందిన స్థలంలోనే పెట్టే ఏర్పాటు చేయాలని 1965 చట్టం ఒక క్లాజులో చెప్పింది. నీలం లోగో బోర్డు పుట్టింది అక్కడే. ఒక చట్టం వ్యాపారాన్ని రోడ్డు మీద నుంచి తోసేసింది. ఇంకో చట్టం దాని ప్రకటనని పొలంలోంచి తోసేసింది. మిగిలిన సందులో ప్రభుత్వమే ఒక బోర్డు పాతింది.

అందుకే చట్టం కళ్లకి ఇది ప్రకటన కాదు. వేగపరిమితి బోర్డు లాగే ఇదీ ట్రాఫిక్ బోర్డే. అది ఎవరి కోసం పెట్టిందని అడిగితే, డ్రైవర్ కోసం. ఊరి కోసం కాదు, కేఫ్ కోసం అంతకన్నా కాదు. దాని మీద ఉన్నవాళ్లు డబ్బు కడతారు, ప్రకటనలాగే లాభపడతారు, లేనివాళ్లు ప్రకటన చేజారినట్టే బాధపడతారు. అయినా రూల్స్ రాసినవాళ్లు చూసింది స్టీరింగ్ వెనకున్న మనిషినే. ఇది పట్టుకుంటే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

మూడు సెకన్ల చదువు

ఆ రూల్స్ ఉండేది ట్రాఫిక్ బోర్డుల జాతీయ మాన్యువల్‌లో. ఇంజనీర్లు దాన్ని పొడి అక్షరాల్లో ఎమ్‌యూటీసీడీ అంటారు. మొదటిది 1935లో వచ్చింది, పదకొండోది 2023 డిసెంబరులో. అమెరికాలో ఎక్కడికెళ్లినా స్టాప్ బోర్డు ఒకేలా ఉండటానికి కారణం ఇదే. ఆకుపచ్చ ఊళ్లకీ దారులకీ, నీలం సేవలకీ, గోధుమ రంగు పార్కులకీ సాంస్కృతిక ప్రదేశాలకీ అన్న పంపకం కూడా ఇందులోదే.

నీలంలో రెండు రకాలు. ఒకటి వట్టి ‘గ్యాస్, ఫుడ్, లాడ్జింగ్’ అని పదాలతోనో బొమ్మలతోనో చెప్పేది. పేర్లుండవు, డబ్బులుండవు. రెండోది పేర్లున్న లోగో బోర్డు. ఒక బోర్డుకి ఆరు లోగోలు మించకూడదు. ఎగ్జిట్‌కి ఒక వైపు నుంచి అలాంటి బోర్డులు నాలుగు మించకూడదు. బోర్డుకీ బోర్డుకీ మధ్య కనీసం 800 అడుగులు ఉండాలి. వరస కూడా నిర్ణయమై ఉంది. ముందు 24 గంటల మందుల షాపులు, తర్వాత చూడదగ్గ ప్రదేశాలు, క్యాంపింగ్, బస, భోజనం, ఎగ్జిట్‌కి అన్నిటికన్నా దగ్గరగా గ్యాస్.

ఇంత పిసినారితనం ఎందుకో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 70 మైళ్ల వేగమంటే సెకనుకి దాదాపు 103 అడుగులు. 800 అడుగులు దాటడానికి ఎనిమిది సెకన్లు పట్టదు. ఒక అంగుళం ఎత్తున్న అక్షరాన్ని 30 అడుగుల దూరం నుంచి చదవగలరని మాన్యువల్ లెక్క. అంటే పది అంగుళాల అక్షరం 300 అడుగుల నుంచి చదవొచ్చు. ఆ 300 అడుగులు మూడు సెకన్లలో అయిపోతాయి. ఆ మూడు సెకన్లలోనే ముందున్న ట్రక్కుని చూడాలి, అద్దం చూసుకోవాలి, వెనక సీట్లో పిల్లల గొడవ వినాలి, ఆరు గళ్లూ చదవాలి.

నిజానికి ఆరూ ఎవరూ చదవరు. ఇక్కడే చిన్న ఊరి కేఫ్ మొదటి దెబ్బ తింటుంది. పెద్ద చైన్ లోగోని చదవక్కర్లేదు. ఆ రంగు, ఆ ఆకారం కంట్లో పడగానే మనసు పోల్చేసుకుంటుంది. అక్షరాలు కనిపించే దూరం రాకముందే పని అయిపోతుంది. కేఫ్ పేరుని మాత్రం అక్షరం అక్షరం చదవాలి. పక్కన ‘కాఫీ బాగుంటుంది’ అని రాసుకుందామా అంటే అదీ కుదరదు, ఆ గడిలో ప్రచారం పనికిరాదు. గళ్లన్నీ ఒకే కొలత, అరవై అంగుళాల వెడల్పు, ముప్పై ఆరు అంగుళాల ఎత్తు దాటకూడదు. చూడటానికి సమానత్వమే.

కేఫ్‌కి పరీక్ష

ఇప్పుడు ఆవిడ దరఖాస్తు ఫారం ముందేసుకుని కూర్చున్నారనుకుందాం.

మొదటిది దూరం. హైవే నుంచి మూడు మైళ్ల లోపు ఉండాలి. రెండు మైళ్లే కాబట్టి ఫర్వాలేదు. భోజన వర్గానికి మాన్యువల్ సూచించే షరతులు ఏమిటంటే లైసెన్సు, శుభ్రమైన బాత్‌రూమ్, రోజుకి కనీసం రెండు పూటల భోజనం, వారానికి కనీసం ఆరు రోజులు. టిఫిను, మధ్యాహ్న భోజనం కలిపి రెండు పూటలు అయ్యాయి. కానీ ఆది, సోమవారాలు మూస్తారు. అంటే ఐదు రోజులే. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆరు రోజుల రూలు ఉండబట్టే ఆదివారం కట్టేసే ఒక పెద్ద చికెన్ చైన్ లోగో దేశమంతా ఈ బోర్డుల మీద, ‘ఆదివారం సెలవు’ అన్న ముక్కతో సహా, దర్జాగా ఉంటుంది. ఒక్క సోమవారం తేడాతో మన కేఫ్ బయట.

ఇది అన్యాయమా? నాకైతే పూర్తిగా అలా అనిపించదు. బోర్డు నమ్మి ఆకలి మీద రెండు మైళ్లు లోపలికొచ్చిన డ్రైవర్‌కి తాళం కనబడితే, ఇంకోసారి ఏ బోర్డునీ నమ్మడు. గ్యాస్ స్టేషన్ల మీద ఇంకా గట్టి షరతులున్నాయి. ఫ్రీవేల (ర్యాంపుల మీదుగానే ఎక్కి దిగే ఇంటర్‌స్టేట్ లాంటి రోడ్ల) దగ్గర రోజుకి కనీసం పదహారు గంటలు, వారానికి ఏడు రోజులు. అర్ధరాత్రి ట్యాంకు ఖాళీ అవుతున్నవాడి వైపు నుంచి చూస్తే అది న్యాయమే. ఇంకో షరతు కూడా ఉంది, తక్కువ మందికి తెలిసింది. బోర్డెక్కే ఏ వ్యాపారమైనా జాతి, మతం, రంగు లాంటి తేడా లేకుండా అందరికీ సేవ చేయాలన్న చట్టాలకి కట్టుబడతానని హామీ ఇవ్వాలి. ఈ బోర్డులు పుట్టింది 1960లలో అని గుర్తుంచుకుంటే ఆ వాక్యం బరువు తెలుస్తుంది.

సమస్య షరతుల్లో ఏ ఒక్కదానితోనూ కాదు, అన్నీ కలిసి చేసే పనితో. ఎక్కువ గంటలు, ఎక్కువ రోజులు, హైవేకి దగ్గర. ఇవన్నీ ఎవరికి సులువు? ర్యాంపు పక్కన స్థలం కొని, మూడు షిఫ్టుల్లో మనుషుల్ని పెట్టుకోగలిగినవాళ్లకి. భార్యాభర్తలు, ఒక వంటమనిషి కలిసి నడిపే చోటుకి కాదు. 1956లో ఏ ఊళ్లని కాపాడాలనుకున్నారో ఆ ఊళ్ల మెయిన్ స్ట్రీట్‌కి రావాల్సిన గిరాకీ ర్యాంపు దగ్గరే ఆగిపోయింది. రోడ్డు మీద గుత్తాధిపత్యం రాకుండా ఆపారు గానీ అది రెండొందల గజాలు పక్కకి జరిగి కూర్చుంది.

సరే, ఆవిడ పట్టుదలగా సోమవారం కూడా తెరిచారనుకుందాం. అప్పుడూ గడి ఖాళీగా ఉండాలి కదా. ఆరుకి మించి దరఖాస్తులొస్తే ఏం చేయాలన్నది రాష్ట్రాల ఇష్టం. కొన్నిచోట్ల హైవేకి దగ్గరున్నవాళ్లకి ముందు, కొన్నిచోట్ల ముందొచ్చినవాళ్లకి ముందు, కొన్నిచోట్ల లాటరీ. 2009 మాన్యువల్ ఒకే రకం సేవకి రెండో బోర్డు కూడా పెట్టుకోనిచ్చింది గానీ, ఒక వైపు మొత్తం నాలుగన్న పరిమితి అలాగే ఉంది. ఫీజు కూడా రాష్ట్రానిదే నిర్ణయం. ఏడాదికి కొన్ని వందల డాలర్లతో సరిపోయే చోట్లున్నాయి, రద్దీ ఎక్కువున్న ఎగ్జిట్లలో వేలు దాటే చోట్లున్నాయి.

ఈ నియమాల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది మూడు మైళ్ల రూలుకున్న తోక. మూడు మైళ్లలో ఆ రకం సేవ లేకపోయినా, ఉన్నవాళ్లు బోర్డు వద్దన్నా, హద్దుని ఇంకో మూడు మైళ్లు పెంచొచ్చు. అక్కడా లేకపోతే ఇంకో మూడు. అలా పదిహేను మైళ్ల దాకా. అంటే ఎగ్జిట్ దగ్గర ఏమీ లేని ఎడారి లాంటి చోట, పన్నెండు మైళ్ల లోపలున్న ఊరి కేఫ్ కూడా దర్జాగా బోర్డెక్కుతుంది. రద్దీ ఎగ్జిట్ పక్కన రెండు మైళ్లలో ఉన్న కేఫ్ ఎక్కదు.

బోర్డుల కాంట్రాక్టు

చాలామంది ఇది పూర్తిగా ప్రభుత్వం నడిపే పని అనుకుంటారు. కొన్నిచోట్ల నిజమే. ఒరెగాన్‌లో ట్రావెల్ ఇన్ఫర్మేషన్ కౌన్సిల్ అనే రాష్ట్ర సంస్థ చూసుకుంటుంది. కానీ చాలా రాష్ట్రాలు కాంట్రాక్టుకిచ్చాయి. దరఖాస్తులు తీసుకోవడం, లోగో బిగించడం, ఫీజు వసూలు అన్నీ కంపెనీ చేస్తుంది, రాష్ట్రానికి వాటా వెళ్తుంది. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఆ పని చేసేది బాటన్ రూజ్ నగరంలోని లామర్ అడ్వర్టైజింగ్ గొడుగు కింద ఉన్న సంస్థ. లామర్ అంటే దేశంలోని అతి పెద్ద హోర్డింగ్ కంపెనీల్లో ఒకటి. హోర్డింగులకి బదులుగా పుట్టిన బోర్డుని హోర్డింగుల కంపెనీయే నడుపుతోంది. ఇందులో కుట్రేమీ లేదు, బోర్డులు పాతే మనుషులూ క్రేన్లూ ఎవరి దగ్గరుంటే పని వాళ్ల దగ్గరికే పోతుంది. లేడీ బర్డ్ చూసి ఉంటే నవ్వేవారో ఏమో.

పొలంలో నేనే బోర్డు పెట్టుకుంటే?

ఆవిడకి వచ్చే రెండో ఆలోచన ఇదే. హైవే పక్కన పొలం ఉన్న చుట్టమెవరో ఉంటారు, అక్కడ ఒక బోర్డు. పొలం వ్యాపార ప్రాంతంగా నమోదై ఉంటే, రాష్ట్రం పర్మిట్ ఇస్తే, అవకాశం ఉంది. లేకపోతే లేదు. కేఫ్ అక్కడ లేదు కాబట్టి అది ‘బయటి స్థలంలో ప్రకటన’ అవుతుంది.

ఈ తేడా రాజ్యాంగం ముందు నిలుస్తుందా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం మీద ఒక చర్చి గెలిచింది. ప్రార్థన ఎక్కడ జరుగుతుందో చెప్పే చిన్న బోర్డులకి ఒక రూలు, రాజకీయ బోర్డులకి ఇంకో రూలు పెట్టడం చెల్లదని కోర్టు తేల్చింది. బోర్డు మీద ఏం రాశారో చదివి రూలు మార్చడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమన్నది సారాంశం. దాంతో, సొంత స్థలమా బయటి స్థలమా అన్నది కూడా చదివితేనే కదా తెలిసేది అని హోర్డింగ్ కంపెనీలు పట్టుకున్నాయి. 2022లో ఆస్టిన్ నగరం కేసులో కోర్టు 6-3 తీర్పుతో ఆ దారి మూసింది. బోర్డు ఎక్కడుందన్నది స్థలానికి సంబంధించిన ప్రశ్న, అందులోని భావానికి సంబంధించినది కాదని చెప్పింది. కాబట్టి పొలంలో బోర్డు ఆశ ఇప్పటికి అంతే.

ఇంకో రకం బోర్డులు

నీలం లోగో బోర్డుతోనే కథ అయిపోదు. ఊరిని చూపించే దారులు వేరేవి కూడా ఉన్నాయి, వాటిలో కొన్ని చిన్న ఊళ్లకి నిజంగా ఎక్కువ మేలు చేస్తాయని నా అభిప్రాయం.

ఒకటి ‘బిజినెస్ లూప్’. ఇంటర్‌స్టేట్ నంబరు రాసే కవచం ఆకారపు బోర్డే, ఎరుపు నీలం బదులు మొత్తం ఆకుపచ్చగా ఉంటుంది. ఒక ఎగ్జిట్‌లో దిగి, ఊరి మధ్య నుంచి వెళ్లి, తర్వాతి ఎగ్జిట్‌లో మళ్లీ హైవే ఎక్కే దారి అది. తరచూ అది పాత హైవేనే. ఒక షాపు పేరు కాదు, వీధి మొత్తం బోర్డెక్కుతుంది. ఫీజు లేదు, పని గంటల లెక్క లేదు.

రెండోది గోధుమ రంగు చారిత్రక దారి బోర్డు. అరిజోనాలో సెలిగ్మన్ అనే ఊరిని 1978 సెప్టెంబరు 22న ఇంటర్‌స్టేట్ 40 పక్కన పెట్టేసింది. రూట్ 66 అనే పాత హైవే మీద ఆ ఊళ్లోంచి పోయే బండ్ల ప్రవాహం ఒక్కరోజులో ఆగిపోయింది. ఆ ఊళ్లో క్షౌరశాల నడిపే ఏంజెల్ డెల్గడియో మరికొందరిని కూడగట్టి 1987లో ఒక సంఘం పెట్టి, పాత రోడ్డుని చారిత్రక మార్గంగా గుర్తించమని రాష్ట్రాన్ని ఒప్పించారు. ఆ బోర్డులు లేచాక జనం రావడం మొదలైంది. వాళ్లు వచ్చేది ఆకలేసి కాదు, ఆ రోడ్డు కోసం. తినడం తర్వాతి సంగతి. లోగో బోర్డు ఎంత పెద్దదైనా చేయలేని పని అది.

మూడోది పర్యాటక దారి బోర్డు. ఫ్రీవేల మీద ఉండదు, పల్లె ప్రాంతాల మామూలు రోడ్ల కూడళ్ల దగ్గరే. నీలం పలక, తెల్ల అక్షరాలు, వ్యాపారం పేరు, బాణం, ఎన్ని మైళ్లో. యాపిల్ తోటలు, సీజన్‌లో మాత్రమే అమ్మే రైతులు కూడా ఎక్కొచ్చు. ఊరివాళ్ల కన్నా బయటివాళ్ల వల్ల నడిచే వ్యాపారమై ఉండాలన్నది ప్రధాన షరతు. అక్కడే మన కేఫ్ మళ్లీ ఇబ్బందిలో పడొచ్చు, దాని గిరాకీ అంతా ఊరివాళ్లే కదా.

ఈ మూడో రకాన్ని చివరిదాకా తీసుకెళ్లింది వెర్మాంట్. 1968లో ఆ రాష్ట్రం హోర్డింగుల్ని పూర్తిగా నిషేధించి, కొన్నేళ్లలో ఉన్నవన్నీ పీకేయించింది. తర్వాత మెయిన్ రాష్ట్రం కూడా అదే బాట పట్టింది. హవాయి, అలాస్కాతో కలిపి హోర్డింగులు లేని రాష్ట్రాలు నాలుగే. వెర్మాంట్, మెయిన్‌లలో వ్యాపారాలకి అధికారిక దారి బోర్డులు ఇస్తారు. అందరికీ ఒకే తీరు చిన్న పలక, బండి తిప్పాల్సిన మలుపు దగ్గర పేరు, బాణం, దూరం. అది కూడా అక్షరాలు చదవాల్సిన బోర్డే. కాకపోతే పక్కన పోటీకి రంగురంగుల లోగో ఉండదు, మామూలు రోడ్డు కాబట్టి బండి వేగం కూడా తక్కువ. అక్కడ చిన్న కేఫ్ పేరు, పెద్ద హోటల్ పేరు నిజంగానే పక్కపక్కన నిలబడతాయి.

ఫోన్ ఉండగా బోర్డెందుకు?

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. ఫోన్ మ్యాప్‌లో మన కేఫ్ ఉంటుంది, రెండు మైళ్లయినా కనిపిస్తుంది, మూడు సెకన్ల తొందర లేదు. నిజమే, వెతికేవాళ్లకి ఫోన్ మేలు చేసింది. కానీ ‘ఇక్కడ దిగుదామా’ అన్న ఆలోచన పుట్టేది చాలాసార్లు బోర్డు చూశాకే. వెతకాలన్న కోరికే లేనివాడి కంటపడేది బోర్డొక్కటే.

కొత్తగా ఇదే కథ కరెంటు బండ్ల రూపంలో మొదలైంది. 2021 మౌలిక సదుపాయాల చట్టం హైవేల వెంట ఛార్జర్లకి 500 కోట్ల డాలర్లు కేటాయించింది. మొదట పెట్టిన షరతుల ప్రకారం ప్రతి 50 మైళ్లకి ఒక స్టేషన్, అది హైవే నుంచి మైలు లోపు ఉండాలి. రెస్ట్ ఏరియాలో పెట్టి కరెంటు అమ్ముదామంటే 1956 నాటి నిషేధం అడ్డు. ఆ నిషేధం అలాగే ఉండాలని ట్రక్ స్టాప్‌ల వాళ్లు ఇప్పటికీ గట్టిగా పోరాడుతున్నారు. గ్యాస్ కొట్టించుకోవడానికి ఐదు నిమిషాలు చాలు, ఛార్జింగ్‌కి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. ఆ అరగంటకి మెయిన్ స్ట్రీట్ అంత అనువైన చోటు ఇంకోటి లేదు. నడవొచ్చు, కాఫీ తాగొచ్చు, పిల్లల్ని కాసేపు వదిలేయొచ్చు. మైలు లోపన్న షరతు మాత్రం ఛార్జర్‌ని మళ్లీ ర్యాంపు దగ్గరే నిలబెట్టింది.

మన కేఫ్ ఉన్నది రెండో మైలు దగ్గర. ఆవిడ ముందు ఇప్పుడున్న దారులు మూడు. సోమవారం కూడా తెరిచి, గడి ఖాళీ అయ్యేదాకా క్యూలో ఉండటం. ఊళ్లోవాళ్లని కూడగట్టి బిజినెస్ లూప్‌కో చారిత్రక దారికో రాష్ట్రానికి అర్జీ పెట్టడం. లేదా ర్యాంపు చివర, స్టాప్ బోర్డు దగ్గర బాణంతో ఉండే చిన్న నీలం పలకలో చోటు వస్తుందేమో అడగడం. ఆ పలక కూడా పైన హైవే మీద పెద్ద బోర్డెక్కినవాళ్లకే ఇస్తారు. సోమవారం తెరవాలంటే ఇంకో వంటమనిషి కావాలి, ఆ ఊళ్లో ఆ మనిషి దొరకడం బోర్డు దొరకడం కన్నా కష్టం కావచ్చు.